వార్డులో పనీ ఆమెదే, అప్పూ ఆమెదే

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నించీ నర్సింగ్ సీట్ల కౌన్సెలింగ్ ముగిసేదాకా, జిల్లాల్లో పనిచేసే స్త్రీల సంస్థల ఆఫీసులకి తల్లీకూతుళ్ళు జంటగా వస్తూంటారు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఆధార్ జిరాక్సులు, కాలేజీవాళ్ళు ఇచ్చిన ఫీజుల కాగితం. "సీటొచ్చింది మేడమ్, బ్యాంకులో లోను ఇప్పించండి" అంటారు. మనవాళ్ళు దరఖాస్తు నింపుతారు, మేనేజరుతో మాట్లాడతారు, బ్యాంకు చుట్టూ నాలుగుసార్లు తిరుగుతారు. చివరికి లోను మంజూరైతే ఆ ఏటి నివేదికలో అదొక విజయంగా చేరుతుంది. ఆ సమయంలో ఆ పిల్లకి వేరే దారి ఉండదు కాబట్టి ఈ పని చేయవద్దని నేను అనను. కానీ ఆ అప్పు అసలు దేనికోసం పుడుతోంది, ఎవరు పెట్టాల్సిన ఖర్చుని ఎవరు పెడుతున్నారు అనే ప్రశ్నలు మన సమావేశాల్లో వినబడవు. ఇంజనీరింగ్ అప్పు, ఎంబీఏ అప్పు, నర్సింగ్ అప్పు అన్నీ ఒకటే అన్నట్టుగా మాట్లాడతాం.

అన్నీ ఒకటి కావు. నర్సింగ్ విద్యార్థిని చదువుకుంటూనే ఆసుపత్రిలో పనిచేస్తుంది. ఆ పనికి ఆమెకి డబ్బు రాదు. పైగా ఆ పని చేస్తున్నంత కాలం తినడానికీ ఉండడానికీ అయ్యే ఖర్చుని ఆమే అప్పుగా తెచ్చుకోవాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

పని అంటే ఏమిటో ముందు చూద్దాం. జి.ఎన్.ఎమ్. మూడేళ్ళ కోర్సు, బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్ళ కోర్సు. రెండింటిలోనూ తరగతి గది ఒక భాగం మాత్రమే, తక్కినదంతా వార్డు. 2021లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో బి.ఎస్సీ. నర్సింగ్ ఎనిమిదో సెమిస్టరుని ఇంటర్న్‌షిప్‌కి పెట్టారు. విద్యార్థినిని సిబ్బంది లెక్కలో చూడకూడదని, ఆమె నేర్చుకోవడానికి వచ్చిందని కాగితం మీద ఉంటుంది. రాత్రి పదింటికి ఏదైనా ప్రైవేటు ఆసుపత్రి జనరల్ వార్డులోకి వెళ్ళి చూస్తే, ఒక స్టాఫ్ నర్సు, ఆమెతో ఇద్దరు ముగ్గురు విద్యార్థినులు కనిపిస్తారు. జ్వరాలు చూసేది, బీపీ రాసేది, సెలైన్ మార్చేది, లేవలేని ముసలాయనకి పక్కబట్టలు మార్చేది, ఆపరేషనుకి పోయే మనిషిని సిద్ధం చేసేది ఆ పిల్లలే. పొద్దున్నే హాస్టలుకి వెళ్ళి స్నానం చేసి, తొమ్మిదింటికి ఫార్మకాలజీ క్లాసులో కూర్చుని కునికిపాట్లు పడతారు. సాధారణ ఆసుపత్రిలో ఐదుగురు రోగులకి ఒక నర్సు, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాలు చెబుతాయి. ఆ ప్రమాణానికీ, వార్డులో నిజంగా ఉన్న స్టాఫు సంఖ్యకీ మధ్యనున్న ఖాళీని చాలాచోట్ల పూడుస్తున్నది ఈ పంతొమ్మిది, ఇరవయ్యేళ్ళ అమ్మాయిలు. దీన్ని శిక్షణ అంటున్నాం. శిక్షణే, కాదనను. శిక్షణ కావడం వల్ల అది పని కాకుండా పోదు.

ఒకప్పుడు ఈ సంగతిని ప్రభుత్వమే ఒప్పుకునేది. 1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చేనాటికి ఈ దేశంలో 43 వేల మందికి ఒక నర్సు ఉండేది. నర్సులు కావాలంటే ఆడపిల్లల్ని ఆసుపత్రి దాకా రప్పించాలి. పై కులాల ఇళ్ళలో ఈ పనికి పిల్లల్ని పంపేవాళ్ళు కాదు. పరాయి మగవాళ్ళ ఒంటిని తాకడం, మలమూత్రాలు ఎత్తడం, రాత్రిపూట ఇంటికి బయట ఉండడం, ఈ మూడూ వాళ్ళకి అభ్యంతరమే. మన ప్రాంతంలో మిషన్ ఆసుపత్రులు, గుంటూరులో అన్నా కుగ్లర్ స్థాపించిన ఆసుపత్రిలాంటివి, ఈ వృత్తికి తలుపు తెరిచినప్పుడు ఆ తలుపులోంచి లోపలికి వచ్చినవాళ్ళలో దళిత క్రైస్తవ స్త్రీలు ఎక్కువ. సమాజం అంటరానిదన్న పనిని అంటరానివాళ్ళన్న స్త్రీలు చేసి దానికొక వృత్తి గౌరవం తెచ్చారు. ఆ చరిత్ర ఇంకా పూర్తిగా రాయాల్సే ఉంది. తర్వాత ప్రభుత్వ నర్సింగ్ స్కూళ్ళు వచ్చాయి. అక్కడ చేరిన పిల్లకి ఆసుపత్రి ఆవరణలోనే హాస్టలు, నెలనెలా కొంత స్టయిపెండు. ఆ మొత్తం ఎప్పుడూ చాలినంత లేదు. కానీ డబ్బు ఏ వైపు నుంచి ఏ వైపుకి నడిచిందో చూడండి. ఆసుపత్రి నుంచి విద్యార్థినికి నడిచింది.

తొంభైల్లో మొదలైన ప్రైవేటీకరణ, 2000 తర్వాత ఊరూరా లేచిన ప్రైవేటు నర్సింగ్ కాలేజీలు ఈ దిశని తిప్పేశాయి. ఇప్పుడు డబ్బు విద్యార్థిని నుంచి కాలేజీకి నడుస్తుంది. చాలా కాలేజీలకి సొంత ఆసుపత్రి ఉంటుంది, లేదా ఏదో ఆసుపత్రితో ఒప్పందం ఉంటుంది. అంటే ఆమె శ్రమ ఆసుపత్రికి వెళ్తుంది, ఆమె ఫీజు కాలేజీకి వెళ్తుంది. ఈ రెండూ ఒక్కోసారి ఒకే యాజమాన్యానివి. ఈ ఏర్పాటులో కొరత పడేది ఆమె అన్నం ఖర్చు. దానికోసమే అప్పు.

పాత పద్ధతి పూర్తిగా చచ్చిపోలేదు కూడా. 2021-22లో తెలంగాణ ప్రభుత్వం తన నర్సింగ్ విద్యార్థినుల స్టయిపెండు పెంచింది. మొదటి సంవత్సరం వాళ్ళకి నెలకి 1,500 ఉన్నది 5,000 అయింది. రెండో సంవత్సరం 1,700 నుంచి 6,000, మూడో సంవత్సరం 1,900 నుంచి 7,000, బి.ఎస్సీ. నాలుగో సంవత్సరం 2,200 నుంచి 8,000 రూపాయలకి పెరిగింది. ఈ పెంపు మనం తగినంత గమనించలేదు. ఆందోళనలు చేసి తెచ్చుకున్న చిన్న హక్కులకి కూడా పత్రికలు రాసే మనం, నర్సింగ్ విద్యార్థిని నెలవారీ బతుకు ఖర్చుని రాజ్యం భరించాలన్న సూత్రం ఇందులో ఉందని గుర్తించాల్సింది. అదే వయసు, అదే సిలబస్, అదే నైట్ డ్యూటీ, అదే పరీక్ష. ఒక పిల్ల ప్రభుత్వ కాలేజీలో చేరింది కనక నెలకి ఐదు వేలు వస్తాయి. పది మార్కులు తక్కువై ప్రైవేటు కాలేజీలో చేరిన పిల్ల ఆ ఐదు వేలని మెస్ బిల్లుగా కట్టాలి.

ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంది కదా అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ఈ పథకం పేద ఇళ్ళ ఆడపిల్లల్ని కాలేజీ గడప దాటించిందన్న మాట నిజమే. అయితే ఆ డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. 2025లో తెలంగాణలో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బకాయిలు విడుదల చేయాలంటూ కాలేజీలు మూసేదాకా పోయాయి. ప్రభుత్వం ఆలస్యం చేస్తే యాజమాన్యం పట్టుకునేది విద్యార్థిని ఒరిజినల్ సర్టిఫికెట్లని. పైగా మేనేజ్‌మెంటు సీటుకి ఈ భరోసా కూడా లేదు. ఇక బతుకు ఖర్చు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన వసతి దీవెన డిగ్రీ, ఆపై చదువులకి ఏడాదికి 20 వేల రూపాయలని లెక్క కట్టింది. నెలకి 1,700 కూడా పడదు. 2024లో ప్రభుత్వం మారాక ఆ పథకం పేరూ పోయింది. హాస్టలు, మెస్ అనేవి చదువు ఖర్చులో భాగమేనని ఒప్పుకున్నందుకు దానికి ఒక మార్కు వేయాలి. ఒక్కటే.

మరి మిగతాది ఎక్కడినుంచి వస్తోంది? బ్యాంకు విద్యా రుణం నిబంధనలు చదివితే హాస్టలు ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, పరికరాలు అన్నీ అందులో కలుస్తాయనే ఉంటుంది. బయట ఉండాల్సి వస్తే సమంజసమైన వసతి, భోజనం ఖర్చులు కూడా కలపవచ్చు. ఆచరణలో జరిగేది వేరు. బ్యాంకు డబ్బుని నేరుగా కాలేజీ ఖాతాకి పంపుతుంది, అదీ విడతలుగా, కాలేజీ ఇచ్చిన కాగితంలో ఏ పద్దు ఉందో దానికి మాత్రమే. నల్లగొండ జిల్లా నుంచి బెంగుళూరు వెళ్ళి చదివిన ఒక అమ్మాయి తన నాలుగేళ్ళ లెక్క నోటుబుక్కులో రాసుకుంది, నాకు చూపించింది. అందులో బ్యాంకు లోనులో ఎక్కనివి వరసగా ఉన్నాయి. తెల్ల బూట్లు ఏడాదికి రెండు జతలు. కాలేజీ నుంచి పోస్టింగు ఉన్న ఆసుపత్రికి బస్సు. సైకియాట్రీ పోస్టింగుకి వేరే ఊరికి వెళ్ళినప్పుడు అక్కడి గది అద్దె. కేస్ స్టడీల రికార్డు పుస్తకాలు, చార్టులు, రంగు పెన్సిళ్ళు. పండక్కి ఇంటికి వచ్చిపోయే ఛార్జీలు. శానిటరీ ప్యాడ్లు. దీపం చేతబట్టి ప్రమాణం చేసే వేడుకకి కాలేజీ వసూలు చేసిన ఫీజు. (సేవకి దీపం పట్టడానికి కూడా ఒక రేటు ఉందన్నమాట.) ప్రతి వస్తువు ఎదురుగా డబ్బు ఎవరిచ్చారో రాసింది. ఎక్కువచోట్ల "అమ్మ" అని ఉంది.

ఆ అమ్మ ఎక్కడినుంచి తెచ్చింది? మొదట డ్వాక్రా సంఘంలో తన వంతు అప్పు. తర్వాత స్త్రీనిధి. తర్వాత చెవి దిద్దులు, గొలుసు తాకట్టు. ఆఖరున వారం వారం కిస్తీ కట్టే ఫైనాన్సు కంపెనీ. 2010లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ రుణ కంపెనీల వేధింపులకి ఆత్మహత్యలు జరిగి ప్రత్యేక ఆర్డినెన్సు తెచ్చేదాకా పోయిన కథ ఈ పత్రిక పాఠకులకి కొత్తగా చెప్పనక్కర్లేదు. అందుచేత నర్సింగ్ చదువు అప్పుని బ్యాంకు పుస్తకంలో మాత్రమే వెతకకూడదు. కూతురి పేర ఉన్న అప్పు ఫీజు కడుతుంది, తల్లి పేర ఉన్న అప్పు అన్నం పెడుతుంది. మొదటిదానికి ఐదేళ్ళ దాకా కిస్తీ లేదు. రెండోదానికి మరుసటి నెలనుంచే ఉంది. సంఘం సమావేశంలో ఆ తల్లి కిస్తీ ఆలస్యమైతే తోటి ఆడవాళ్ళే ముఖం మాడ్చుకుంటారు. మన పొదుపు సంఘాల రిజిస్టర్లలో "ఇంటి అవసరాలు", "వ్యవసాయం" అని రాసిన అప్పుల్లో ఎన్ని నిజానికి కూతుళ్ళ మెస్ బిల్లులో ఒక్కసారి విప్పి చూస్తే బాగుంటుంది.

బ్యాంకు అప్పుకి వస్తాను. కోర్సు కాలం, దానిపైన ఒక ఏడాది కిస్తీ కట్టనక్కర్లేదు. వినడానికి ఉదారంగా ఉంటుంది. ఆ కాలంలో వడ్డీ మాత్రం ఆగదు. ఒక లెక్క వేద్దాం. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్ళలో నాలుగు లక్షలు తీసుకుంది, వడ్డీ పదిన్నర శాతం అనుకుందాం. మొదటి లక్షకి ఐదేళ్ళు, రెండోదానికి నాలుగేళ్ళు, మూడోదానికి మూడు, నాలుగోదానికి రెండు. సాధారణ వడ్డీయే లక్షా 47 వేలు అవుతుంది. అది అసలులో కలుస్తుంది. ఐదు లక్షల 47 వేలని పదేళ్ళలో తీర్చాలంటే నెలకి దాదాపు 7,400 కట్టాలి. కేంద్ర ప్రభుత్వం 2009లో తెచ్చిన వడ్డీ రాయితీ పథకంలో, కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉంటే ఈ మారటోరియం కాలపు వడ్డీని ప్రభుత్వమే కడుతుంది. నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న కోర్సులకి ఇది వర్తిస్తుంది. ఆ రాయితీ దొరికితే కిస్తీ 5,400 దాకా దిగుతుంది. దొరకాలంటే ఆదాయ ధ్రువీకరణ సకాలంలో ఇవ్వాలి, బ్యాంకు దాన్ని నోడల్ బ్యాంకుకి పంపాలి. ఈ రెండో మెట్టు దగ్గర ఎన్ని దరఖాస్తులు ఆగుతున్నాయో మన కార్యకర్తలకి నాకన్నా బాగా తెలుసు.

నా దగ్గర నోటుబుక్కు తెచ్చిన అమ్మాయికి హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో మొదటి జీతం చేతికి 14 వేలు వచ్చింది. హాస్టలుకి ఆరు వేలు. మిగిలింది ఎనిమిది వేలు. కిస్తీ కట్టాక ఇంటికి పంపడానికి ఎంత మిగులుతుందో మీరే చూడండి. తల్లి పేర ఉన్న అప్పు ఇంకా అలాగే ఉంది.

బ్యాంకర్ల సంఘం అంకెలు ఒకసారి పార్లమెంటు ముందుకి వచ్చాయి. 2018 మార్చి నాటికి మొత్తం విద్యా రుణాల్లో మొండి బకాయిలు దాదాపు 9 శాతం. ఎంబీఏలో 6 శాతం లోపు. ఇంజనీరింగులో 10 శాతం లోపు. నర్సింగులో 21 శాతం పైన. ఈ అంకెని బ్యాంకుల్లో ఎలా చదివారంటే, నర్సింగ్ లోను ప్రమాదకరమైనది, జాగ్రత్తగా ఇవ్వాలి అని. నేను దీన్ని జీతాల పట్టికగా చదువుతాను. నర్సులకి ఉద్యోగాలు లేకపోవడం వల్ల ఈ బకాయిలు రాలేదు. ఆసుపత్రికి నర్సు ఎప్పుడూ కావాలి. ఉద్యోగం ఉండి కూడా కిస్తీ కట్టలేని వృత్తి ఇది. అదే బ్యాంకు ఆసుపత్రి భవనానికి కోట్లలో అప్పిస్తుంది. ఆ దరఖాస్తు పరిశీలించేటప్పుడు మీ నర్సులకి ఎంత జీతమిస్తారని అడగదు. ఒకే బ్యాంకు, ఒక కౌంటరులో తక్కువ జీతమిచ్చే యజమానికి అప్పిచ్చి, ఇంకో కౌంటరులో ఆ తక్కువ జీతం అందుకునే పిల్లని ఎగవేతదారు అంటుంది.

జీతాల కథ కూడా కొత్తది కాదు. 2011లో ముంబైలో ఒక మలయాళీ నర్సు ఆత్మహత్య తర్వాత, ముంబై, ఢిల్లీ, కోల్‌కతా ఆసుపత్రుల్లో నర్సులు వార్డులు వదిలి బయటికి వచ్చారు. తర్వాత కేరళ అంతా సమ్మెలు పాకాయి. అప్పటి డిమాండ్లలో ముఖ్యమైనవి రెండు. ఒకటి జీతం. రెండోది బాండ్, అంటే రెండేళ్ళో మూడేళ్ళో ఇక్కడే చేస్తానని రాయించుకుని సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం, మధ్యలో మానేస్తే డబ్బు కట్టమనడం. ఆ పిల్లలకి సమ్మెలోకి రావడానికి ధైర్యం ఎలా వచ్చిందని మనం మెచ్చుకున్నాం. ఇన్నేళ్ళు ఎందుకు రాలేకపోయారన్న ప్రశ్నకి జవాబులో సగం విద్యా రుణమే. నెలనెలా కిస్తీ ఉన్న మనిషి ఉద్యోగం వదిలే బెదిరింపు చేయలేదు. బాండ్ కాగితం చట్టం ముందు నిలబడకపోవచ్చు. బ్యాంకు కిస్తీ నిలబడుతుంది. యజమానికి బాండ్ చేసిపెట్టే పనిని ఇప్పుడు అప్పు ఇంకా మర్యాదగా చేసిపెడుతోంది.

2016 జనవరిలో సుప్రీంకోర్టు ప్రైవేటు నర్సుల జీతాల మీద కమిటీ వేయమంది. ఆ కమిటీ 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సుతో సమానంగా, 50 పడకలకన్నా చిన్నవాటిలో కూడా 20 వేలకి తగ్గకుండా ఇవ్వాలని సిఫార్సు చేసింది. కేరళ 2018లో నర్సు కనీస వేతనాన్ని 20 వేలుగా నోటిఫై చేసింది, అదీ నర్సులు మళ్ళీ రోడ్డెక్కాకనే. 2017లో చదువు అప్పులు తీర్చలేకపోయిన వాళ్ళకి సాయపడే పథకం కూడా పెట్టింది. మన రెండు రాష్ట్రాల్లో ఆ సిఫార్సులు సిఫార్సులుగానే మిగిలాయి. ఇక్కడ నర్సుల సంఘాలు ఉన్నాయి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో బలంగానే ఉన్నాయి. ప్రైవేటు వార్డులోకి మాత్రం స్త్రీల సంఘాలూ వెళ్ళలేదు, కార్మిక సంఘాలూ పెద్దగా వెళ్ళలేదు.

ఇప్పుడు కేంద్రం దృష్టి ఎటుందో చూడండి. 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి పథకానికి క్యాబినెట్ ఆమోదం వచ్చింది. హామీ లేకుండా అప్పు, ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉంటే పది లక్షల వరకు రుణం మీద మూడు శాతం వడ్డీ రాయితీ. అయితే ఇది జాతీయ ర్యాంకింగుల్లో పైన ఉన్న సంస్థలకి మాత్రమే, మొదట 860 సంస్థలు. ఆ ర్యాంకింగుల్లో ఇంజనీరింగుకి, మేనేజ్‌మెంటుకి, ఫార్మసీకి, వైద్యానికి, దంత వైద్యానికి, ఆర్కిటెక్చరుకి వేర్వేరు జాబితాలున్నాయి. నర్సింగుకి లేదు. దేశంలో ఆసుపత్రులన్నీ నడిచేది ఎవరి భుజాల మీదో ఆ వృత్తి చదువుకి ప్రతిభ జాబితా కట్టాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. 2023లో మెడికల్ కాలేజీల పక్కనే 157 ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలు పెడతామని 1,570 కోట్లు కేటాయించారు. మంచి పని. తెలంగాణకి వాటిలో ఒక్కటీ రాలేదు.

అప్పు ఇచ్చి నర్సుల్ని తయారుచేయవచ్చన్న ప్రయోగం వేరేచోట కూడా జరిగింది. మన నర్సులు ఎక్కువగా వెళ్తున్న ఇంగ్లండులోనే. అక్కడ 2017 వరకు నర్సింగ్ విద్యార్థికి ఫీజు ప్రభుత్వమే కట్టి, బతకడానికి బర్సరీ ఇచ్చేది. ఆ ఏడు ఆగస్టు నుంచి కొత్తగా చేరేవాళ్ళకి అది తీసేసి, అందరిలాగే అప్పు తెచ్చుకోమన్నారు. అక్కడి విద్యార్థి రిజిస్టర్ కావడానికి 2,300 గంటలు ఆసుపత్రిలో చేయాలి. అందువల్ల మిగతా విద్యార్థుల్లా సాయంత్రాలు కొట్లో పనిచేసి సంపాదించుకోవడం కుదరదు. దరఖాస్తులు పడిపోయాయి. ముఖ్యంగా పిల్లలున్న, వయసు పైబడిన స్త్రీలు వెనక్కి తగ్గారు. 2020 సెప్టెంబరు నుంచి ఏడాదికి కనీసం 5,000 పౌండ్ల గ్రాంటు మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. ఆ మధ్యకాలపు లోటుని మన దేశం లాంటి చోట్లనుంచి నర్సుల్ని తీసుకెళ్ళి పూడ్చుకున్నారు. అంటే అక్కడి పిల్ల అప్పు చేయనన్నందువల్ల ఖాళీ అయిన మంచం పక్కన, ఇక్కడి పిల్ల అప్పు తీర్చుకోవడానికి వెళ్ళి నిలబడింది.

"విదేశానికి పోతే రెండేళ్ళలో తీరిపోతుంది కదా" అనే వాదన మన ఊళ్ళల్లో బాగా బలంగా ఉంది. కొందరికి తీరింది, ఇల్లు కూడా కట్టారు. వాళ్ళని చూసే మిగతావాళ్ళు చేరుతున్నారు. కానీ వెళ్ళడానికి ముందు ఇక్కడ రెండేళ్ళ అనుభవం, భాషా పరీక్ష, దాని కోచింగు, ఏజెంటు. ప్రతిదానికీ మళ్ళీ అప్పు. పైగా ఒక దేశం తన నర్సుకి అన్నం పెట్టకుండా, వేరే దేశం జీతమిచ్చి తీర్చేదాకా ఆగమనడం ఒక విధానం అవుతుందా?

ఇంట్లో ఈ అప్పు చేసే పని ఇంకో రకంగా ఉంటుంది. కొడుకు ఇంజనీరింగుకి చేసిన అప్పు కుటుంబం అప్పు. తండ్రి తీరుస్తాడు, పొలం అమ్మి అయినా. కూతురి నర్సింగ్ అప్పు కూతురి అప్పు. "దాని జీతంతో అదే తీర్చుకుంటుంది" అంటారు. సంబంధం మాట్లాడేటప్పుడు ఇది బయటికి వస్తుంది. అప్పు తీరేదాకా పెళ్ళి వద్దనుకునే ఇళ్ళు ఉన్నాయి, తీరాక వయసు దాటిందనే ఇళ్ళూ ఉన్నాయి. నాకు తెలిసిన ఒకచోట మగపెళ్ళివారు కట్నం మాట్లాడి, దానిపైన "బ్యాంకు బాకీ మీరే కట్టి పంపాలి" అన్నారు. ఆమె జీతం కావాలి, ఆ జీతం తెచ్చిన చదువు ఖర్చు అక్కర్లేదు. బ్యాంకు నిబంధనలు తల్లినైనా తండ్రినైనా సహ రుణగ్రహీతగా ఒప్పుకుంటాయి. పెళ్ళైనామెకి భర్తనో అత్తమామలనో కూడా. అయినా భర్త వదిలేసిన తల్లి వెళ్తే "తండ్రి పాన్ కార్డు తీసుకురా" అని వెనక్కి పంపే మేనేజర్లు ఇప్పటికీ ఉన్నారు. వెళ్ళిపోయినవాడి సంతకం కోసం వెతుక్కుంటూ పోయిన తల్లిని నేను చూశాను. 2023లో కేరళ హైకోర్టు సిబిల్ స్కోరు తక్కువన్న కారణంతో విద్యా రుణం నిరాకరించకూడదని చెప్పింది. ఆ తీర్పు కాపీ ఒకటి ప్రతి సంస్థ ఫైల్లో ఉండడం మంచిది. డ్వాక్రా కిస్తీ తప్పిన తల్లి స్కోరే కూతురి లోనుకి అడ్డు వచ్చే సందర్భాలు చాలా ఉన్నాయి.

కొందరు మిత్రులు ఒక అభ్యంతరం చెబుతారు. డాక్టరు చదివేవాళ్ళు కూడా వార్డులో పనిచేస్తారు కదా, వాళ్ళూ అప్పులు చేస్తారు కదా అని. వైద్య విద్యార్థి హౌస్ సర్జన్ అయిన రోజునుంచి స్టయిపెండు తీసుకుంటాడు. అది ఆలస్యమైతే జూనియర్ డాక్టర్లు సమ్మె చేస్తారు, పత్రికల్లో మొదటి పేజీలో వస్తుంది, మంత్రి పిలిచి మాట్లాడతాడు. అతని పనిని పని అని అందరూ ఒప్పుకున్నారు. అదే ఆసుపత్రిలో అదే రాత్రి పనిచేసిన నర్సింగ్ విద్యార్థిని శ్రమ మాత్రం "సేవ" ఖాతాలో పడుతుంది. ప్రపంచంలో నర్సుల్లో దాదాపు 90 శాతం స్త్రీలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నివేదిక చెప్పింది. ఈ రెండు సంగతులకీ సంబంధం లేదనుకోవడం నావల్ల కాదు.

కాబట్టి లోను ఇంకా తేలిగ్గా ఇవ్వండి అన్న డిమాండు దగ్గర మనం ఆగకూడదని నా వాదన. ప్రైవేటు కాలేజీలో చదివే నర్సింగ్ విద్యార్థినికి, ఆమె ఏ ఆసుపత్రి వార్డులో పోస్టింగు చేస్తుందో ఆ ఆసుపత్రి స్టయిపెండు ఇవ్వాలి. ప్రభుత్వ కాలేజీ విద్యార్థినికి ఇచ్చేదానికి అది తగ్గకూడదు. కాలేజీకి అనుమతి ఇచ్చేటప్పుడే ఇది షరతుగా పెట్టవచ్చు. పడకల సంఖ్య చూపించమని అడిగేవాళ్ళు స్టయిపెండు రిజిస్టరు చూపించమని అడగలేరా? ప్రభుత్వ నర్సింగ్ హాస్టళ్ళలో ప్రైవేటు విద్యార్థినులకి కూడా కొన్ని చోట్లు ఇవ్వాలి. కనీస వేతనం 2016 కమిటీ చెప్పిన స్థాయికి వచ్చేదాకా, కిస్తీ జీతంలో ఇంత శాతానికి మించకూడదన్న పరిమితి బ్యాంకులు పాటించాలి. నర్సు వేతనాన్ని నోటిఫై చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకే ఉంది, ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.

ఇవన్నీ అడగడానికి మన చేతిలో కాగితాలు కావాలి. జిల్లా స్థాయి బ్యాంకర్ల సమావేశాల్లో విద్యా రుణాల లెక్క మొత్తంగా చదువుతారు. కోర్సులవారీగా, ఆడా మగా విడివిడిగా, మంజూరైనవీ తిరస్కరించినవీ చెప్పమని సమాచార హక్కు కింద అడగవచ్చు. వడ్డీ రాయితీకి ఎన్ని దరఖాస్తులు పంపారు, ఎన్ని వచ్చాయి అని కూడా. దరఖాస్తు నింపడానికి మన దగ్గరికి వచ్చే తల్లీకూతుళ్ళని ఇంకో రెండు ప్రశ్నలు అడిగి రాసిపెట్టుకోవచ్చు: ఫీజు కాకుండా నెలకి ఎంత అవుతుంది, అది ఎవరి పేర అప్పుగా తెస్తున్నారు. నాలుగైదు జిల్లాలవాళ్ళు ఈ ఏటి అడ్మిషన్లప్పుడు ఈ వివరాలు రాసి పంపితే, వచ్చే సంచికకి వాటిని కలిపి కూర్చే పని నేను చేస్తాను.